కడపలో సీమ సాహిత్యం చదవడం ఎలా మొదలుపెట్టాలి

గ్రంథాలయానికి వెళ్లి "రాయలసీమ పుస్తకాలు ఎక్కడున్నాయండీ?" అని అడిగితే ఎవరూ ఒక బీరువా చూపించలేరు. డ్యూయీ దశాంశ వర్గీకరణ పాటించే చోట తెలుగు సాహిత్యమంతా 894.827 అనే సంఖ్య కింద ఉంటుందే తప్ప ప్రాంతాన్ని బట్టి విడిపోదు. అందుకని ఇంటి దగ్గరే నలుగురైదుగురు రచయితల పేర్లు కాగితం మీద రాసుకొని వెళ్లండి. పుస్తకం పేరు కంటే రచయిత పేరు చెబితే వెతకడం సులువవుతుంది. సభ్యత్వానికి కట్టే డిపాజిట్ గురించి వెనుకాడనక్కరలేదు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఎటూ చేరుతూనే ఉంది.

మొదటి పుస్తకంగా కేతు విశ్వనాథరెడ్డి కథలను తీసుకోండి. 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆ సంపుటిని నేను ముందు నిలపడానికి కారణం పురస్కారం కాదు. మన కరువూ మన కక్షలూ పత్రికల్లో వార్తలుగా కనిపిస్తాయి, ఆయన కథల్లో మాత్రం ఒక ఇంటి మనిషి మీద పడిన బరువుగా కనిపిస్తాయి. రోజుకు ఒక్క కథకు మించి చదవవద్దు. చదివేటప్పుడు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకొని, తెలియని మాట వచ్చిన చోటల్లా ఆ వాక్యంతో సహా రాసుకోండి. నాగలిని మడక అనీ, వేరుశనగను చెనిక్కాయలనీ అనే ఇంట్లో పెరిగిన పిల్లలకు కూడా సేద్యపు మాటలు ఇప్పుడు దూరమయ్యాయి. అర్థానికి ముందు ఇంట్లో అవ్వనో తాతనో అడగండి, ఆ తర్వాతే నిఘంటువు తెరవండి, ఎందుకంటే నిఘంటువు అర్థం ఒక్కటే చెబుతుంది, అవ్వ ఆ మాటను ఎప్పుడు, ఎవరితో, ఏ గొంతుతో అంటారో కూడా చెబుతుంది.

కథలకు అలవాటు పడ్డాక నవలకు రావాలి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి "కొండపొలం" ముందు చదవండి. కరువులో గొర్రెల మందతో నల్లమలకు వెళ్లిన వారి కథ అది, మొదలుపెడితే తనంత తానే నడిపించుకొని పోతుంది. బండి నారాయణస్వామి "శప్తభూమి" ఆ తర్వాత. అందులో పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ, హండె రాజుల కాలం, నాటి కులవ్యవస్థ అన్నీ ఒకదానితో ఒకటి అల్లుకొని ఉంటాయి. నేను దానిని తొందరపడి ముందే చదివి, పాత్రల పేర్ల దగ్గరే తడబడి మధ్యలో ఆపేశాను. రెండోసారి పాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసుకొని చదివినప్పుడే ఆ నవల నాకు పూర్తిగా పట్టుబడింది.

కవిత్వాన్ని పఠన మందిరంలో చదవకండి, ఇంటికి తీసుకువెళ్లండి. విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట", పుట్టపర్తి నారాయణాచార్యుల "శివతాండవం" గొంతెత్తి చదవవలసినవి. ముఖ్యంగా రెండోదాని నడక పెదవుల మీదికి వచ్చేదాకా కంటికి అందదు.

విమర్శ మీద ఆసక్తి ఉంటే రాచమల్లు రామచంద్రారెడ్డి "సారస్వత వివేచన" ఉంది. దానిని మాత్రం చివరికి ఉంచుకోండి. పైవాటిలో కొన్నైనా చదివి, మీకంటూ ఒక అభిప్రాయం ఏర్పడ్డాక ఆయనతో వాదించుకుంటూ చదవడంలోనే ఫలం ఉంది.

ఊర్ల పేర్లలో దాగిన చరిత్ర కావాలనుకునే వారు కేతు విశ్వనాథరెడ్డి పరిశోధన గ్రంథం "కడప ఊర్ల పేర్లు" అడగాలి. అది శాఖా గ్రంథాలయంలో లేకపోతే, బ్రౌన్ నివసించిన చోటనే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో వెలసిన ఎర్రముక్కపల్లిలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో విచారించండి. ఎక్కడా దొరకని పుస్తకం ఉంటే నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా రచయిత, పుస్తకం, ప్రచురణకర్త పేర్లు కాగితం మీద రాసి గ్రంథపాలకులకు ఇవ్వండి. కొత్త పుస్తకాల జాబితా తయారుచేసేటప్పుడు ఆ కాగితం వారి చేతికి అందుతుంది.