చవక చైనా కిట్ ఎలక్ట్రిక్ స్కూటర్ కొనే ముందు

ధర చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి. మన ఊళ్లలో తక్కువకు దొరికే చిన్న స్కూటర్లలో చాలావాటికి మోటారు, దానికి కరెంటు అందించే కంట్రోలరు చైనా నుంచి వచ్చినవే. అది తప్పు కాదు గానీ, ఇవి చూసుకోండి.

బ్యాటరీ: అసలు డబ్బంతా ఇందులోనే ఉంటుంది. లెడ్ యాసిడా, లిథియమా అడగండి. లెడ్ యాసిడ్ అయితే రోజూ తిరిగే బండికి రెండేళ్లలోపే కొత్త సెట్ వేయాల్సి రావచ్చు. ఆ ఖర్చు ఇప్పుడే బండి ధరకు కలపండి. మా తమ్ముడు కలపలేదు. రెండో వేసవిలో ఫ్లైఓవర్ ఎక్కుతుండగా మీటరులో ఛార్జింగ్ గీతలన్నీ ఒక్కసారిగా పడిపోయాయి. ఎండలో దిగి తోసుకుంటూ ఇంటికొచ్చాడు.

రిజిస్ట్రేషన్: మినహాయింపు 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు బళ్లకే. ఏఆర్‌ఏఐ, ఐకాట్ లాంటి పరీక్ష సంస్థ సర్టిఫికెట్ చూపించమనండి. "ఈ వైరు తీసేస్తే 45 వెళ్తుంది" అన్నారా, ఆ షాపు నుంచి బయటికొచ్చేయండి. అలాంటి బండితో ప్రమాదం జరిగితే మీరే ఇరుక్కుంటారు.

సీటు ఎత్తి చూడండి. వైర్లకు కనెక్టర్లు లేకుండా టేపు చుట్టి ఉంటే వద్దు.

కంట్రోలరు, ఛార్జరు విడిగా దొరుకుతాయో లేదో బయటి మెకానిక్‌ని అడగండి, అమ్మేవాళ్లని కాదు.

బిల్లు మీద బ్యాటరీ నంబరు తప్పకుండా రాయించుకోండి.