కౌన్సిల్ హౌసింగ్ కమిటీలో మీ ప్రశ్నకు బరువు రావాలంటే

గోడకు చెమ్మ పట్టింది, బూజు పాకుతోంది, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ రావడం లేదు. ఈ గోడు పట్టుకుని నేరుగా కౌన్సిల్ హౌసింగ్ కమిటీ మీటింగుకు వెళ్తే చైర్ మర్యాదగా వింటారు, ‘ఆఫీసర్లు మిమ్మల్ని కలుస్తారు’ అంటారు, తర్వాతి అంశానికి వెళ్లిపోతారు. పట్టింపు లేక కాదు, ఒక ఇంటి సమస్య తేల్చే అధికారం ఆ కమిటీకి లేదు. అదే చెమ్మ మీ బ్లాకులో పద్నాలుగు ఇళ్లలో ఉందనీ, తనిఖీ గడువులు దాటిపోయాయనీ తేదీలతో సహా చూపిస్తే అది అచ్చంగా కమిటీ పనే. ఇంగ్లండులో ఏ కౌన్సిల్‌కు వెళ్లినా ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: మీ ఇంటి సమస్యది ఫిర్యాదు దారి, పదిళ్ల సమస్యది కమిటీ దారి. రెండూ ఒకేసారి నడపొచ్చు. కలపకూడదు.

ముందు ఇంటి సంగతి

మీది కౌన్సిల్ ఇల్లో, హౌసింగ్ అసోసియేషన్ (లాభాపేక్ష లేకుండా ఇళ్లు అద్దెకిచ్చే సంస్థ) ఇల్లో అయితే రిపేరు సంగతి రాతపూర్వకంగా చెప్పి రిఫరెన్స్ నంబరు తీసుకోండి. రాచ్‌డేల్‌లో బూజు పట్టిన ఫ్లాట్‌లో ఉంటూ 2020 డిసెంబరులో చనిపోయిన రెండేళ్ల అవాబ్ ఇషాక్ పేరు మీద వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఆరోగ్యానికో భద్రతకో వెంటనే తీవ్ర హాని తెచ్చే ప్రమాదమైతే 24 గంటల్లో చర్య తీసుకోవాలి. ఆరోగ్యానికి గణనీయంగా హాని చేసే చెమ్మ, బూజు అయితే 10 పని దినాల్లో తనిఖీ చేయాలి, తనిఖీ ముగిసిన 3 పని దినాల్లో ఏం తేలిందో రాసి ఇవ్వాలి, 5 పని దినాల్లో ఇంటిని సురక్షితం చేసే పని చేయాలి. మీరు చెప్పిన తేదీ, వాళ్లు వచ్చిన తేదీ, కాగితం అందిన తేదీ ఒక పుస్తకంలో రాసుకుంటూ పోండి. రేపు కమిటీలో పనికొచ్చేవి ఆ తేదీలే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రిపేరుకు పదిసార్లు ఫోన్ చేసినా కౌన్సిల్ లెక్కలో అది ఫిర్యాదు కాకపోవచ్చు. ‘దీన్ని స్టేజ్ వన్ ఫిర్యాదుగా నమోదు చేయండి’ అని స్పష్టంగా రాయండి. 5 పని దినాల్లో అందినట్టు చెప్పాలి, ఆ తర్వాత 10 పని దినాల్లో జవాబివ్వాలి. తృప్తి లేకపోతే స్టేజ్ టూ, దానికి 20 పని దినాలు. అదీ అయ్యాక ఇళ్ల ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి, హౌసింగ్ ఆంబుడ్స్‌మన్.

ప్రైవేటు అద్దె ఇళ్లకు అవాబ్ చట్టం గడువులు ఇంకా వర్తించవు. అక్కడ వెళ్లాల్సింది కౌన్సిల్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి. 2004 హౌసింగ్ చట్టం కింద ఇంట్లో కేటగిరీ వన్ (అత్యంత తీవ్రమైన రకం) ప్రమాదం ఉందని తేలితే చర్య తీసుకోవడం కౌన్సిల్ విధి, దయ కాదు. ఒకే కుటుంబం కాని ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది వంటగది, బాత్రూం పంచుకుంటూ ఉంటే, అంటే విద్యార్థులు కలిసి తీసుకునే ఇళ్లలాంటివాటికి, యజమానికి, పలు కుటుంబాలవాళ్లు పంచుకునే ఇంటికిచ్చే హెచ్‌ఎంఓ లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ ఉన్న ఇంట్లో ఒక్కరు పడుకునే గది 6.51 చదరపు మీటర్లకూ, ఇద్దరు పెద్దవాళ్ల గది 10.22 చదరపు మీటర్లకూ తగ్గకూడదు. టేపు పెట్టి కొలిచి చూడండి. వీసా మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ సాయం పొందే వీల్లేదు) అని ఉన్నవాళ్లకు కౌన్సిల్ ఇల్లు దొరకదు. కానీ ప్రమాదకరమైన అద్దె ఇంటి గురించి ఫిర్యాదు చేయడానికి ఆ షరతు అడ్డు రాదు. భయపడి ఊరుకోకండి.

ఇల్లు పోయి నిరాశ్రయులుగా సాయం అడిగిన కేసులో కౌన్సిల్ ఇచ్చిన నిర్ణయం తప్పనిపిస్తే 21 రోజుల్లో రివ్యూ అడగాలి. కమిటీ మీటింగు కోసం ఎదురుచూస్తూ ఆ 21 రోజులు పోగొట్టుకుంటే మళ్లీ దొరకడం కష్టం. ఇక కౌన్సిలర్ గారి సిఫార్సుతో ఇల్లు వస్తుందన్న ఆశ వదిలేయండి. ఇల్లు తన వార్డులో ఉన్నా, దరఖాస్తుదారు తన వార్డులో ఉంటున్నా, ఆ ఇల్లు ఎవరికివ్వాలో తేల్చేచోట ఆ కౌన్సిలర్ కూర్చోకూడదని 1997 నుంచీ నిబంధన ఉంది. మీ కేసు ఎక్కడ ఆగిందో కనుక్కోవడం, ఆఫీసర్ల చేత జవాబు రాయించడం మాత్రం ఆయన చేయగలరు, చేయాలి కూడా.

ఏ కౌన్సిల్, ఎలాంటి కమిటీ

కౌంటీ, డిస్ట్రిక్ట్ అని రెండంచెలున్న చోట ఇళ్లు, నిరాశ్రయుల పని డిస్ట్రిక్ట్‌ది. వృద్ధుల సంరక్షణ, ప్రజారోగ్యం కౌంటీవి. యూనిటరీ, లండన్ బరో, మెట్రోపాలిటన్ కౌన్సిళ్లలో రెండూ ఒకచోటే. కమిటీ పేరులో ‘వెల్‌బీయింగ్’ (సంక్షేమం) అని ఉన్నంత మాత్రాన డిస్ట్రిక్ట్ కమిటీ ఇంటికొచ్చే కేరర్ గురించి జవాబు చెప్పలేదు.

కమిటీ ఎలాంటిదో కూడా చూడండి. క్యాబినెట్ పద్ధతి (కొద్దిమంది కౌన్సిలర్ల బృందం నిర్ణయాలు తీసుకునే పద్ధతి) ఉన్న కౌన్సిల్లో స్క్రూటినీ కమిటీ, అంటే ఆ నిర్ణయాలను పరిశీలించే కమిటీ, అడుగుతుంది, సిఫార్సు చేస్తుంది, నిర్ణయం క్యాబినెట్‌ది. 2011 లోకలిజం చట్టం తర్వాత కమిటీ పద్ధతికి మళ్లిన కౌన్సిళ్లలో ఆ కమిటీయే ఓటేసి తేలుస్తుంది. మొదటి రకంలో ‘ఈ సిఫార్సు క్యాబినెట్‌కు పంపండి’ అని అడగాలి, రెండో రకంలో ‘ఈ తీర్మానం చేయండి’ అని అడగాలి.

తేదీలు వెనక నుంచి లెక్కపెట్టండి

మీటింగుకు ఐదు పూర్తి పని దినాల ముందు అజెండా బయటపెట్టాలి. ప్రచురించిన రోజు, మీటింగు రోజు, శని ఆదివారాలు లెక్కలోకి రావు. గురువారం మీటింగైతే అంతకుముందు వారం బుధవారానికల్లా కాగితాలు వెబ్‌సైట్‌లో ఉండాలి. ప్రజల ప్రశ్నలకు గడువు ఒక్కో కౌన్సిల్ నియమావళిలో ఒక్కోలా ఉంటుంది, కొన్నిచోట్ల అజెండా రాకముందే ముగిసిపోతుంది. అందుకే మీటింగుల పని చూసే డెమోక్రటిక్ సర్వీసెస్ విభాగానికి నెల ముందే ఈమెయిల్ రాసి మూడు సంగతులు కనుక్కోండి: ప్రశ్న గడువు ఎప్పుడు, ఎన్ని మాటలు దాటకూడదు, అనుబంధ ప్రశ్నకు వీలుందా. అంకెల కోసం సమాచార హక్కు కింద అడగాలనుకుంటే జవాబుకు 20 పని దినాలు పడుతుంది, ఇంకా ముందే మొదలుపెట్టాలి.

రిపోర్టు వచ్చాక మొదటి పేజీలోని సిఫార్సులు చదివి, నేరుగా ఆర్థిక ప్రభావం, రిస్క్, సమానత్వం భాగాలకు వెళ్లండి. అసలు విషయం తరచూ అక్కడే ఉంటుంది. ఆఫీసర్లు కాదన్న ప్రత్యామ్నాయాలు ఏవి, ఎందుకు కాదన్నారో చూడండి. చివర్లో ఇచ్చిన బ్యాక్‌గ్రౌండ్ పత్రాలు చూసే హక్కు మీకుంది.

ప్రశ్న రాయడం

‘మా పరిస్థితి ఎందుకు పట్టించుకోరు?’ అని అడిగితే ‘మేం కట్టుబడి ఉన్నాం’ అన్న జవాబే వస్తుంది. ఇలా రాయండి: ‘2025 అక్టోబరు 27 నుంచి మన వార్డులో చెమ్మ, బూజు గురించి ఎన్ని రిపోర్టులు అందాయి? వాటిలో ఎన్నింటికి 10 పని దినాల్లో తనిఖీ జరిగింది? మిగతావి ఎప్పటికి పూర్తవుతాయి?’ ఇందులో తప్పించుకోవడానికి సందు లేదు. అంకె చెప్పాలి, లేదా అంకె లేదని ఒప్పుకోవాలి. అంకె లేదంటే అదే పెద్ద వార్త. అనుబంధ ప్రశ్నలు రెండు సిద్ధం చేసుకోండి, అంకె వస్తే ఒకటి, రాకపోతే ఇంకొకటి. అద్దెకున్నవాళ్ల పేర్లు, ఆఫీసర్ల పేర్లు, కోర్టులో ఉన్న కేసు రాస్తే ప్రశ్ననే తిరస్కరించవచ్చు.

వెల్‌బీయింగ్ పరంగా అడగదగ్గ మంచి ప్రశ్న వికలాంగుల వసతుల గ్రాంటు గురించి. మెట్లెక్కలేని పెద్దావిడకు కింద బాత్రూం కట్టించే డబ్బు ఇది, ఇంగ్లండులో గరిష్ఠంగా 30,000 పౌండ్లు. దరఖాస్తు పడ్డాక ఆరు నెలల్లో నిర్ణయం చెప్పాలి. ‘అందరికీ గడువులోపే చెప్తున్నాం’ అని రిపోర్టులో ఉంటుంది, అది నిజమే కావచ్చు. జాప్యం తరచూ దరఖాస్తుకు ముందు, ఆక్యుపేషనల్ థెరపిస్టు (ఇంట్లో ఏ మార్పులు కావాలో అంచనా వేసే నిపుణులు) ఇంటికొచ్చి చూసేదాకా జరుగుతుంది. ఆ నెలలు లెక్కలోకే రావు. రెండంచెలున్న చోట థెరపిస్టు కౌంటీ మనిషి, గ్రాంటు డిస్ట్రిక్ట్‌ది, మధ్యలో ఆవిడ మెట్ల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ‘మొదటి ఫోన్ కాల్ నుంచి పని పూర్తయ్యేదాకా సగటున ఎన్ని వారాలు?’ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు రెండు కౌన్సిళ్లనూ ఒక బల్ల ముందు కూర్చోబెట్టే శక్తి ఉంది.

నిరాశ్రయుల విషయంలో అడగాల్సింది, బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ గదుల్లో ఆరు వారాలు దాటిన కుటుంబాలు ఎన్ని అని. పిల్లలున్న కుటుంబాన్ని అంతకుమించి అక్కడ ఉంచడం చట్టానికి విరుద్ధం.

డబ్బు గురించి మాట్లాడే ముందు ఒక జాగ్రత్త. కౌన్సిల్ ఇళ్ల అద్దె 1989 చట్టం ప్రకారం ప్రత్యేక ఖాతాలో ఉంటుంది. ఆ డబ్బుతో నిరాశ్రయుల హోటల్ బిల్లు కట్టడానికి వీల్లేదు, అది జనరల్ ఫండ్ (కౌన్సిల్ సాధారణ ఖాతా) ఖర్చు. రెంటినీ కలిపి మాట్లాడితే ఆఫీసరు ఒక్క వాక్యంలో మీ మాట కొట్టేస్తారు. ఇళ్లన్నీ హౌసింగ్ అసోసియేషన్‌కు అప్పగించేసిన కౌన్సిల్ అయితే ఆ ఖాతాయే ఉండదు. అప్పుడు అసోసియేషన్ ప్రతినిధిని కమిటీకి పిలిపించమని అడగండి. అద్దె పెంపు, మరమ్మతుల బడ్జెట్ జనవరి, ఫిబ్రవరిలో ఓటుకు వస్తాయి, ఎందుకంటే ఏప్రిల్‌లో అద్దె మారాలంటే నాలుగు వారాల ముందు నోటీసివ్వాలి. అప్పటికి అంకెలన్నీ ఖరారై ఉంటాయి. మీ మాట అక్టోబరు, నవంబరుల్లో పడాలి.

ఆ సాయంత్రం, ఆ తర్వాత

మాట్లాడడానికి సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. మొదటి వాక్యంలోనే ఏం కావాలో చెప్పేయండి, ఫొటోలు ముందే క్లర్కుకు పంపండి. బహిరంగ మీటింగును రికార్డు చేసుకునే హక్కు 2014 నుంచి ఉంది. సభ్యుల్లో కనీసం ఇద్దరికి మీ ఒక పేజీ కాగితం వారం ముందే చేరాలి. పార్టీల లోపలి చర్చ మీటింగుకు ముందే అయిపోతుంది, అక్కడ మీ తరఫున మాట్లాడే మనిషి ఉండాలి.

మినిట్స్ (మీటింగు రాతపూర్వక రికార్డు) వచ్చాక ‘పరిశీలిస్తామన్నారు’ అని ఉందా, ‘మార్చిలోగా రిపోర్టు తెస్తామన్నారు’ అని ఉందా చూడండి. చెప్పింది ఒకటి, రాసింది ఒకటి అయితే తర్వాతి మీటింగులో మినిట్స్ ఆమోదించకముందే సవరించమని మీ కౌన్సిలర్‌ను అడగండి. స్క్రూటినీ సిఫార్సుకు క్యాబినెట్ రెండు నెలల్లో జవాబివ్వాలి. ఆ తేదీ క్యాలెండర్‌లో వేసుకుని, మూడు నెలల తర్వాత అదే ప్రశ్న, అదే వార్డు, అవే అంకెలు మళ్లీ అడగండి.