బండి మైలేజీ పడిపోయిందా? రాయగడ, కోరాపుట్ వైపు తిరిగేవాళ్లకు సమస్య - పరిష్కారం

మైలేజీ తగ్గిందనగానే మన వైపు ముందు వినబడే మాట, బంకులో కల్తీ అని. ఆ వెంటనే కార్బురేటర్ విప్పించేస్తారు. ఈ రెండూ చివర చూడాల్సినవి. రాయగడ, గుణుపురం, జయపురం రోడ్లలో తిరిగే బండ్లకు పెట్రోలు చాలాసార్లు చక్రాల దగ్గరే వృథా అవుతుంది.

ముందు లెక్క సరిగ్గా తీయండి. వంద రూపాయలు కొట్టించి ఎంత దూరం వచ్చిందో చూస్తే ఏమీ తేలదు. ట్యాంక్ ఫుల్ చేయించి, రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ చేరేసరికి బండి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు వస్తుంది. కాబట్టి రానూపోనూ కలిపే చూడాలి.

తోస్తే బండి బరువుగా ఉంది

సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పండి. హాయిగా రెండు మూడు చుట్లు తిరగాలి. సర్రుమని రాసుకుంటూ వెంటనే ఆగిపోతే బ్రేక్ పట్టేస్తోంది. డ్రమ్ము బ్రేక్ అయితే రాడ్డు చివరి నట్టును కొద్దిగా వదులు చేసి మళ్లీ తిప్పి చూడండి. పెడల్ రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీగా దిగాక బ్రేక్ పట్టాలి. వానాకాలం బురదదారుల్లో తిరిగిన బండ్లకు ఇంకో తంటా ఉంది: లోపలి క్యామ్ (బ్రేక్ షూలను నెట్టే ముక్క) తుప్పు పట్టి, కాలు తీసినా పెడల్ పైకి రాదు. నట్టు ఎంత తిప్పినా లాభముండదు, విప్పించి శుభ్రం చేసి గ్రీజు పెట్టించాలి. డిస్క్ బ్రేక్ పట్టేస్తే మాత్రం మీరు చేయి పెట్టకండి, మెకానిక్‌కే వదిలేయండి.

చక్రం బాగానే తిరుగుతోందంటే గాలి చూడండి. చాలా మామూలు బైకులకు ముందు 25, వెనక 28 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర్లో ఉంటుంది. మీ బండికి ఎంతో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వెనక మనిషి గానీ, సంత బస్తా గానీ ఉంటే వెనక టైరుకు ఇంకాస్త కావాలి. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిపించండి. ఘాట్ ఎక్కి వచ్చిన టైరు వేడికి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీయించకండి. చైన్ ఎండి కిర్రుమంటుంటే తుడిచి ఆయిల్ వేయండి.

రేస్ పెరుగుతోంది, బండి ముందుకు పోవడం లేదు

ఇది ఘాట్ ఎక్కేటప్పుడే బయటపడుతుంది. క్లచ్ జారుతోంది. లివర్ దగ్గర సెంటీమీటరుకు పైగా వదులు ఉండాలి. అది సరిచేసినా జారితే ప్లేట్లు అయిపోయినట్టే. సగం క్లచ్ పట్టుకుని మలుపులు ఎక్కించే అలవాటే వాటిని తినేస్తుంది, ముందుగానే గేరు తగ్గించండి.

పికప్ లేదు, పొగ నల్లగా వస్తోంది

ప్లగ్గు విప్పి చూడండి. లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్ బాగున్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే ముందు అనుమానించాల్సింది ఎయిర్ ఫిల్టర్‌నే. మన ఎర్ర దుమ్ముకు కంపెనీ చెప్పిన గడువు దాకా ఆగకూడదు. పాత కార్బురేటర్ బండైతే, చలికి పొద్దున లాగిన చోక్ అలాగే ఉండిపోయిందేమో చూడండి. కింద పార్వతీపురంలో ట్యూన్ చేయించిన కార్బురేటర్, పైన గాలి పలచగా ఉండటంతో, కాస్త ఎక్కువే తాగుతుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే, అంటే పెట్రోలు ఎంత పోయాలో బండిలోని కంప్యూటరే చూసుకుంటుంది. వాటిలో స్క్రూ తిప్పి మైలేజీ పెంచుతామంటే ఒప్పుకోకండి.

ఘాట్ దిగినా పెట్రోలు కలిసిరావడం లేదు

న్యూట్రల్‌లో దించుతున్నారా? దయచేసి మానేయండి. ఇంజెక్షన్ బండి గేరులో ఉండి, ఎక్సలేటర్ పూర్తిగా వదిలేసి దిగుతుంటే ఇంజన్‌కు పెట్రోలు దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. పైగా బరువంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఆ మలుపుల్లో అది ప్రాణాల మీదికి వస్తుంది.

అన్నీ బాగున్నా లీటరుకు రెండు కిలోమీటర్లు తగ్గింది

ఇప్పుడు వస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పాత టూవీలర్లకు 3-4 శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. 60 ఇచ్చే బండి 58కి దిగితే రిపేర్ల మీద డబ్బు తగలేయకండి.

ఒడిశా బంకులో కొట్టించుకుంటే మిగులుతుందా?

ఆంధ్రలో పన్ను ఎక్కువ, అందుకే ఒడిశా వైపు లీటరు ధర తక్కువ. పని మీద ఎలాగూ వస్తే ఇక్కడే ఫుల్ చేయించుకోండి. అందుకోసమే రావాలంటే లెక్క వేయండి. లీటరుకు 6 రూపాయలు తేడా ఉందనుకుంటే 5 లీటర్లకు మిగిలేది 30. లీటరుకు 50 ఇచ్చే బండి మీద రానూపోనూ 20 కిలోమీటర్లు వస్తే దారిలోనే 40 రూపాయల పెట్రోలు అయిపోతుంది.