మోకాలి ఆపరేషన్ తర్వాత ఇంట్లో వ్యాయామాలు ఎలా చేయించాలి?

అమ్మకి మోకీలు మార్పిడి ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజు, నొప్పి అంటుంటే చూడలేక మోకాలి కింద మెత్తటి దిండు పెట్టాను. మర్నాడు ఫిజియోథెరపిస్ట్ వచ్చి ముందు ఆ దిండే తీయించారు. మోకాలు కాస్త వంగి ఉంటే హాయిగానే ఉంటుంది కానీ, రోజంతా అలాగే ఉంచితే వెనకవైపు బిగుసుకుపోయి కాలు పూర్తిగా చాపడం రాదు, ఆ తర్వాత నడకలో కుంటు మిగిలిపోతుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టండి. అందరూ "ఎంత వంగింది?" అనే అడుగుతారు గానీ, కాలు తిన్నగా రావడం కూడా అంతే ముఖ్యం.

ఇక్కడ రాసేది మామూలుగా చేయించే పద్ధతి. మీ ఫిజియో రాసిచ్చిన కాగితంలో వేరేగా ఉంటే ఆ కాగితాన్నే నమ్మండి.

1. డాక్టరు రాసిన నొప్పి మాత్ర వేసుకున్నాక అరగంట ఆగి మొదలుపెట్టండి. నొప్పితో బిగుసుకుపోయిన మనిషి చేత ఏదీ చేయించలేం.

2. పడుకుని ఉండగానే పాదాన్ని పైకీ కిందికీ ఆడించాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి చేస్తే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది.

3. కాలు చాపి, మోకాలి వెనక భాగాన్ని మంచానికి నొక్కుతూ తొడ బిగించి, 5 సెకన్లు ఉంచి వదలాలి. ఇలా 10 సార్లు, మూడు పూటలా. పైకి ఏమీ కదలదు కాబట్టి చాలామంది దీన్నే వదిలేస్తారు. మా అమ్మ కూడా "ఇదేం వ్యాయామమే, ఏమీ అవట్లేదు" అంది. కానీ వాపు వల్ల తొడ ముందు కండరం సరిగ్గా పని చేయడం మానేస్తుంది, అది మళ్లీ పట్టు తెచ్చుకుంటేనే నిలబడినప్పుడు మోకాలు తటాలున మడత పడకుండా ఉంటుంది. తొడ మీద చెయ్యి వేయించండి, బిగుస్తోందో లేదో వాళ్లకే తెలుస్తుంది.

4. మడమను మంచం మీద జరుపుతూ మోకాలు వంచాలి. కింద ప్లాస్టిక్ కవరు వేస్తే తేలిగ్గా జారుతుంది. మొదటి కొన్ని వారాల్లో 90 డిగ్రీలు వస్తే కుర్చీలో కూర్చుని లేవడం సులువవుతుంది. లాగినట్టుండే నొప్పి పర్వాలేదు, పొడిచినట్టుంటే ఆపేయండి. మర్నాటికి వాపు పెరిగితే ఎక్కువ చేశారన్నమాట, ఫిజియోతో మాట్లాడి తగ్గించండి.

5. అయ్యాక ఐస్‌ని తువ్వాలులో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. చూడ్డానికొచ్చిన చుట్టాలు నూనె కాచి రుద్దమంటారు, ప్రేమతోనే అంటారు, అయినా ఒప్పుకోకండి. పచ్చి కుట్ల మీద నూనె వద్దు, పిక్కలో రక్తం గడ్డకట్టి ఉంటే రుద్దడం ప్రమాదం కూడా.

6. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. వాకర్ మానేసి చేతికర్ర పట్టే రోజులొచ్చాక, కర్ర ఆపరేషన్ కాని కాలి వైపు చేతిలో ఉండాలి.

పిక్క వాచి నొప్పి పుట్టినా, కుట్ల దగ్గర చీము కారినా, జ్వరం వచ్చినా వ్యాయామం ఆపి ఆ రోజే డాక్టరుకి చెప్పండి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

ఏ రోజు ఎన్నిసార్లు చేశారో, ఎక్కడ నొప్పి వచ్చిందో ఒక నోట్‌బుక్కులో రాసి కుట్లు తీయించుకోవడానికి వెళ్లినప్పుడు పట్టుకెళ్లండి. చేయని రోజులు కూడా దాచకుండా రాయండి, అది చూసే తర్వాతి వారానికి ఏం పెంచాలో, ఏం ఆపాలో చెప్తారు.