పదిహేడో శతాబ్దపు రష్యా మీద పరిశోధనకి మాస్కో వస్తున్నారా?

చలికి రెండు మూడు వారాల్లో అలవాటుపడిపోతారు, దాని గురించి అంత టెన్షన్ వద్దు. నెలల తరబడి ఏడిపించేది పాత చేతిరాత. మనవాళ్ళు సామాన్ల మీద పెట్టే శ్రద్ధలో సగం దీనిమీద పెట్టి వస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ముందు కాగితాలు. దిగాక 7 పనిదినాల్లోపు ఉంటున్న చోట రిజిస్ట్రేషన్ జరగాలి. అద్దె గదైతే అది ఇంటి ఓనర్ చేయాల్సిన పని, అందుకే అడ్వాన్స్ ఇవ్వకముందే చేస్తారా లేదా అని అడగండి. మన దగ్గర బ్యాంకుల్లో తీసుకున్న వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు 2022 మార్చి నుంచి ఇక్కడ పనిచేయడం లేదు, మొదటి నెలకి సరిపడా నగదు తెచ్చుకోండి.

మీరు ఎక్కువగా కూర్చునేది ప్రాచీన పత్రాల ప్రభుత్వ ఆర్కైవ్‌లో. అందరూ రగాదా అంటారు, ఫ్రూన్‌జెన్‌స్కయా మెట్రోలో దిగి నడవచ్చు. లోపలికి వెళ్ళేటప్పుడు మీ సంస్థ ఇచ్చిన ఉత్తరం దగ్గర ఉంచుకోండి. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, ఎందుకంటే మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడిందంటే గుమ్మం దగ్గరే పొద్దు గడిచిపోతుంది. లోపల పనిచేసేవాళ్ళని పేరు, తండ్రిపేరు కలిపి పిలవాలి. మొదటిరోజే అడిగి రాసిపెట్టుకోండి.

ఇక స్కోరోపిస్, అంటే ఆనాటి గొలుసుకట్టు రాత. పదాల మధ్య ఖాళీ ఉండదు, కొన్ని అక్షరాలు వరస పైకెక్కి కూర్చుంటాయి, తెలిసిన మాటని సగంలో తుంచేస్తారు. ఈనాటి రష్యన్ ఎంత బాగా వచ్చినా మొదట్లో ఒక్క పేజీ కదలదు, నేనైతే మొదటి వారమంతా కలిపి పది వరసలు కూడా చదవలేకపోయాను. అర్జీలతో మొదలుపెట్టండి. మన పాత ఉత్తరాల్లో మహారాజశ్రీ అని ఎత్తుకున్నట్టే వీటి మొదలు కూడా ఎప్పుడూ ఒకటే, జారు చక్రవర్తికి నుదురు నేలకి తాకించి మొక్కుకుంటున్నానని. కొలువులో ఉన్నవాడు తనని 'నీ బానిస' అని రాసుకుంటాడు, రైతూ పట్నవాసీ 'నీ అనాథ' అని, పూజారి 'నీకోసం ప్రార్థించేవాడు' అని. ఆ ఒక్క మాట గుర్తుపడితే ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది, అక్షరాల పోలికా పట్టుబడుతుంది.

సంవత్సరాల దగ్గర జాగ్రత్త. 1700కి ముందు లెక్క సృష్టి నుంచి, కొత్త ఏడు సెప్టెంబరు 1న. 7157లోంచి 5508 తీస్తే 1649, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అయితే 5509 తీయాలి. చాలాచోట్ల వేల అంకె వదిలేసి ఊరికే 157 అని రాస్తారు, అదీ మన అంకెల్లో కాదు, ఒక్కో అంకెకి బదులు ఒక్కో రష్యన్ అక్షరం పెట్టి.

ఉద్యోగాల సంగతి దాచను. ఈ కాలం మీదే పోస్టులు చాలా తక్కువ, అందుకే రష్యన్ భాష పాఠం చెప్పడానికీ సిద్ధపడి ఉండాలి. హైదరాబాద్ ఇఫ్లూలో, ఢిల్లీ జేఎన్‌యూలో రష్యన్ విభాగాలున్నాయి. వీలైతే పారసీకం కూడా నేర్చుకోండి. వోల్గా నది మీది ఆస్ట్రఖాన్ పట్నంలో ఆ రోజుల్లో స్థిరపడిన భారతీయ వర్తకులు, 1695లో బయల్దేరి ఔరంగజేబు కొలువుదాకా వెళ్ళిన రష్యన్ వర్తకుడు సెమ్యోన్ మాలెన్‌కీ, వీళ్ళ గురించి రష్యన్, పారసీక కాగితాలు రెండూ చదవగలిగేవాళ్ళు కొద్దిమందే.

ఇంకొకటి, ఆగస్టుకి టికెట్ తీసుకునే ముందు చదువుగది తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి.