తెలుగు బదులు డబ్బాలు, గుర్తులు, ప్రశ్నార్థకాలు: ఏది కనిపిస్తే ఏమి చేయాలి

తెలుగు సరిగా కనిపించకపోతే చాలామంది చేసే మొదటి పని ఫోను ఆపి మళ్ళీ వేయడం. రెండోది, పంపినవారిని తిట్టుకోవడం. రెండింటివల్లా ఒరిగేది ఏమీ లేదు. తెరమీద కనిపిస్తున్న చెత్త ఎలాంటి చెత్తో నిదానంగా చూడండి. జబ్బు పేరు అందులోనే ఉంటుంది.

దానికి ముందు మూడు మాటలు తెలియాలి. కంప్యూటర్‌కు అక్షరం బొమ్మగా తెలియదు, అంకెగా తెలుసు. ప్రపంచ లిపుల అక్షరాలకు తలా ఒక అంకె కేటాయించిన ఉమ్మడి పట్టిక పేరు యూనికోడ్. అందులో తెలుగుకు 128 గదులు ఉన్నాయి. క అక్షరం అంకె 3093. ఆ అంకెకు తెరమీద రూపం ఇచ్చేది ఫాంటు. అంకెలను ఫైలులో ఏ లెక్కన దాచాలో చెప్పేది ఎన్‌కోడింగ్. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది యూటీఎఫ్-8. అంకె, రూపం, దాచే పద్ధతి: ఏది చెడిందో తేలితే సగం పని అయినట్టే.

వరుసగా ఖాళీ డబ్బాలు

ఇది అన్నిటికన్నా తేలిక జబ్బు. అంకెలు క్షేమంగా వచ్చాయి, వాటికి రూపమిచ్చే తెలుగు ఫాంటు మీ దగ్గర లేదు, అంతే. సందేశం మళ్ళీ పంపమని ఎవరినీ అడగనక్కర్లేదు. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఫాంటులో తెలుగు వెంటే వస్తుంది కాబట్టి ఈ డబ్బాలు ఎక్కువగా పాత యంత్రాల్లోనే కనిపిస్తాయి. గూగుల్ ఫాంట్స్ నుంచి నోటో సాన్స్ తెలుగు గానీ, మండలి, రామభద్ర వంటివి గానీ ఉచితంగా దించుకుని, ఫైలు తెరిచి ఇన్‌స్టాల్ నొక్కితే చాలు. ఈ డబ్బాలకు ఫాంట్లవాళ్ళు పెట్టిన ముద్దుపేరు టోఫు, సోయా పన్నీరు ముక్కలా ఉంటాయని. నోటో అన్న పేరు కూడా ‘నో టోఫు’ నుంచి పుట్టిందే.

మిగతా వాక్యమంతా బాగానే ఉండి ఒకే ఒక్క డబ్బా కనిపిస్తే ఫాంటు ఉన్నా పాతదని అర్థం. ఉదాహరణకు నకార పొల్లు (న్) పాత రూపానికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2021లోనే. అంతకు ముందటి ఫాంట్లకు అది తెలియదు.

ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం

ఇక్కడ తొందరపడకండి. పైకి ఒకేలా కనిపించే రెండు వేరువేరు జబ్బులున్నాయి, ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు.

మొదటిది చూడగానే పట్టేయవచ్చు. తలపై వాలుగీత ఉన్న చిన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో, ప్లస్ కింద మైనస్ ఉన్న గుర్తో. ఈ జంట పేరాపొడవునా మళ్ళీ మళ్ళీ వస్తుంది. కారణం ఇది: ‘తెలుగు’ అన్న మాట కంప్యూటర్‌కు త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు అంకెలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కదానికి మూడు బైట్లు (బైటు అంటే 0 నుంచి 255 దాకా ఒక సంఖ్య పట్టే చిన్న గది), మొత్తం 18. తెలుగు ఏదైనా సరే మొదటి బైటు 224, రెండోది 176 లేదా 177. చదివే ప్రోగ్రామ్ దీన్ని యూటీఎఫ్-8 అనుకోకుండా పాత పాశ్చాత్య పద్ధతి అనుకుంటే బైటుకొక అక్షరం చొప్పున చదువుతుంది. ఆ పద్ధతిలో 224 అంటే ఆ గీత ఉన్న ఏ, 176 అంటే డిగ్రీ, 177 అంటే ప్లస్-మైనస్. అంటే ఫైలు చెడలేదు, చదవడంలోనే తప్పు జరిగింది.

ఇది ఎక్కువగా ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైలు (పట్టికను కామాలతో విడదీసి మామూలు పాఠంగా దాచిన ఫైలు) తెరిచినప్పుడు ఎదురవుతుంది. ఫైలుమీద రెండుసార్లు నొక్కి తెరవకండి. ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ఎంచుకుని, ఫైల్ ఆరిజిన్ అన్నచోట 65001 సంఖ్య ఉన్న యూనికోడ్ వరుసను పెట్టండి. తెలుగు తిరిగి వస్తుంది. ఒక్కటే జాగ్రత్త: గజిబిజిగా కనిపిస్తున్నప్పుడు పొరపాటున కూడా సేవ్ నొక్కవద్దు. అప్పటిదాకా చదవడంలో ఉన్న తప్పు ఫైలులోకి దిగిపోతుంది.

రెండో జబ్బులో ఆ జంట ఉండదు. పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, కోడి గీకినట్టు గుర్తులు ఉంటాయి. మా ఇంట్లో పెళ్ళికి శుభలేఖ డీటీపీ సెంటర్లో చేయించి, చూడమని ఆ ఫైలును అలాగే అత్తయ్యకు పంపాను. ఆవిడ వెంటనే ఫోను చేసి, ‘‘శుభలేఖ ఇంగ్లీషులో ఎందుకు కొట్టించావురా? అదీ తప్పుల ఇంగ్లీషు!’’ అంది. ఆవిడ చూసింది సరిగ్గానే చూసింది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు నుంచీ మన ముద్రణాలయాల్లో నడుస్తున్న అను వంటి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. గుడి ఒక గదిలో, ఒత్తు ఇంకో గదిలో. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో అది ముత్యాల్లాంటి తెలుగు. లేనిచోట గదుల అసలు యజమానులు బయటికొస్తారు.

నోటో వేసుకుంటే ఇది తగ్గదు, ఎందుకంటే ఇక్కడ అంకెలే తెలుగువి కావు. చూడటానికీ అచ్చుకూ అయితే ఫైలు కాకుండా పీడీఎఫ్ అడగండి. ఫాంటు దానిలోనే ఇమిడి వస్తుంది. ఆ పాఠాన్ని వాట్సాప్‌లోనో, వెబ్‌లోనో పెట్టాలంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ కావాలి. మార్చాక మూలం పక్కన పెట్టుకుని చదవండి, ముఖ్యంగా ఒత్తులూ పేర్లూ. పెళ్ళికొడుకు ఇంటిపేరు తప్పు పడితే కన్వర్టర్‌ను ఎవరూ తప్పుపట్టరు.

ఆ పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే మళ్ళీ గజిబిజే రావచ్చు. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి డాక్స్‌తో తెరిస్తే అది బొమ్మను చదివి అక్షరాలుగా మార్చి ఇస్తుంది. దీన్ని ఓసీఆర్ అంటారు.

అన్నీ ప్రశ్నార్థకాలే

దీనికి మందు లేదు. తెలుగుకు చోటులేని పద్ధతిలో ఎవరో ఫైలును సేవ్ చేశారు, పట్టని ప్రతి అక్షరం స్థానంలో ప్రోగ్రామ్ ఒక ప్రశ్నార్థకం రాసేసింది. అసలు ప్రతి ఎవరి దగ్గర ఉందో వెతకండి. పాత నోట్‌ప్యాడ్‌లో ఏఎన్‌ఎస్‌ఐ అనే పాత ఎన్‌కోడింగ్ ముందే ఎంపికై ఉండటం ఇందుకు పెద్ద కారణం. 2019లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి అక్కడ యూటీఎఫ్-8 వచ్చింది.

చుక్కల సున్న, విడిపోయిన ఒత్తులు

గుణింతపు గుర్తు చుక్కల వలయాన్ని మోస్తూ ఒంటరిగా కనిపిస్తే, దాని ముందు ఉండాల్సిన హల్లు చెరిగిపోయిందనో, మధ్యలో ఖాళీ పడిందనో అర్థం. ఆ గుర్తును చెరిపి అక్షరం మొత్తం మళ్ళీ కొట్టండి.

ఫోటోషాప్, ఇన్‌డిజైన్ వంటి డిజైన్ ప్రోగ్రాముల్లో ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అయితే తప్పు ఫాంటుది కాదు, అక్షరాలను పేర్చే ఇంజనుది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి. పాత డీటీపీ ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లో అయితే వెతకకండి, దానికి యూనికోడే తెలియదు.

దీనికి తిరగేసిన జబ్బు ఇంకొకటి: ‘సాఫ్ట్‌వేర్’ అని రాయబోతే ‘సాఫ్ట్వేర్’ అని వ కిందికి దిగిపోవడం. యూనికోడ్‌లో పొల్లు తరువాత హల్లు వస్తే ఒత్తు కావడమే నియమం. వద్దనుకుంటే రెండింటి మధ్య వెడల్పు లేని ఒక అదృశ్య గుర్తు పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ఫోను కీబోర్డులో అది దొరక్కపోతే, సరిగా రాసిన మాటను ఒకసారి కాపీ చేసి ఫోను వ్యక్తిగత నిఘంటువులో దాచుకోండి. కంటికి కనిపించని ఈ గుర్తును తక్కువ అంచనా వేయవద్దు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ మధ్యలో ఇది చేరిన ఒక్క తెలుగు అక్షరాన్ని చూపబోయి ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది.

ఒక ఎస్ఎంఎస్ మూడుగా లెక్క పడటం

ఇంగ్లీషు ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగుకు 70. 70 దాటితే తెలుగు సందేశం 67 చొప్పున ముక్కలవుతుంది. లెక్కపెట్టేది మన కంటికి కనిపించే అక్షరాలను కాదు, అంకెలను. ‘శ్రీరామనవమి శుభాకాంక్షలు’ అన్నదానికే మధ్య ఖాళీతో కలిపి 24 ఖర్చవుతాయి. కింద ఇంటిల్లిపాది పేర్లూ రాయాలంటే వాట్సాప్ మేలు.