అండమాన్‌లో అలలు లేని నీళ్ళతోనే జాగ్రత్త

ఒడిశాలోని గోపాలపూర్ సముద్రం మోకాలి లోతులోనే కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంది. అందుకే బరంపురం, పర్లాకిమిడి వాళ్ళకి అలని చూస్తే భయం, అల లేకపోతే ధైర్యం. అండమాన్‌లో ఈ లెక్క పనికిరాదు. చెరువులా కనబడే నీళ్ళే అక్కడ మోసం చేస్తాయి.

ముందు మొసలి సంగతి. మన భితరకనికలో ఉండే ఉప్పునీటి మొసలే అక్కడా ఉంది. మడ అడవుల కాలువల్లో ఉంటూ, సముద్రంలోకీ వస్తుంది. 2010లో హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) దీవిలో, రాధానగర్ బీచ్‌కి దగ్గర్లో ఒక పర్యాటకురాలిని చంపేసింది. కాలువ సముద్రంలో కలిసే చోట, మడ చెట్లున్న చోట పాదాలు తడుపుకోడానికి కూడా దిగొద్దు. చీకటి పడే వేళా, తెల్లవారుజామునా మరీను.

అంతకంటే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేవి ఆటుపోట్లు. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు ఆరు గంటలు. ఈరోజు చూసిన వేళ రేపటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పున్నమిలకి నీళ్ళు బాగా లోపలికి పోతాయి, అంతే జోరుగా తిరిగొస్తాయి. నీల్ (ఇప్పుడు షహీద్ ద్వీప్) దీవిలో సహజంగా ఏర్పడిన రాతి వంతెన దగ్గరికి ఆటులోనే నడిచి వెళ్ళాలి. హోటల్లో ఆ రోజు వేళలు అడిగి, నీళ్ళు పూర్తిగా తగ్గడానికి గంటన్నర ముందు బయల్దేరండి. తగ్గడం ఆగిందంటే వెనక్కి తిరగాల్సిందే. నీళ్ళు ఎదురుగా వస్తాయనుకుంటాం గానీ, ముందు నిండేవి మనం దాటి వచ్చిన పల్లాలు. ఫొటోలు తీసుకుని వెనక్కి చూసేసరికి దారి నడుం లోతైపోతుంది.

ఆ రాళ్ళ మీద హవాయి చెప్పులు జారతాయి. మడమకి పట్టీ ఉన్న రబ్బరు సోలు బూట్లు వేసుకోండి. రాయిలాగే కనబడే రాతిచేప వీపు మీద విషపు ముళ్ళుంటాయి. గుచ్చుకుంటే పసర్లు, ఐసు వద్దు. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో కాలు 30 నుంచి 90 నిమిషాలు ఉంచండి. నొప్పిలో వేడి తెలియదు కాబట్టి దెబ్బ తగలనివాళ్ళు చెయ్యి పెట్టి చూడాలి. తర్వాత ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

స్నార్కెలింగ్‌లో, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి మీద తేలేటప్పుడు, మొహం నీళ్ళలో ఉంటుంది, వీపేమో ఎండలో మాడుతుంది. చల్లగా ఉండటంతో సాయంత్రం దాకా తెలియదు. పొడుగు చేతుల చొక్కాతోనే దిగండి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ విప్పొద్దు.

డిసెంబరులో అయిదింటికే పొద్దుగుంకుతుంది. అడవి దారిలో నడవాలంటే మధ్యాహ్నం మూడున్నరకల్లా బయటికి వచ్చేలా చూసుకోండి. తలా రెండు లీటర్ల నీళ్ళు, ఒక టార్చి ఉండాలి. ఇసుక ఈగలు కుడితే గోకకండి, పుండు పడుతుంది. ఒట్టి ఇసుక మీద కాకుండా చాప వేసుకుని కూర్చుంటే సగం బెడద తప్పుతుంది. కొబ్బరి చెట్టు కింద పడుకోవద్దని మనవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పగడపు ముక్క సంచిలో వేసుకోవద్దు. అది 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే దీవుల మధ్య ఫెర్రీలు ఆపేస్తారు. తిరుగు విమానానికి ముందు రాత్రి హేవ్‌లాక్‌లో కాదు, విమానం ఎక్కే పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం)లోనే గది తీసుకోండి.